కల్లూరుకు పోయిన జవాబులు

ఫోనులో చర్ల కేంద్రం ఆపరేటరు మొదటి రోజు నోరు తెరవగానే నాతో చెప్పింది మూడే మాటలు. "పోతున్నయ్ సార్. వస్తలేవు." దాదాపు మూడు వారాల తర్వాత చర్ల దాకా వెళ్లి, చెమటలు కక్కుకుంటూ నేను కనిపెట్టిన సంగతీ అదే. అంతకు మించి ఒక్క ముక్క లేదు. మధ్యలో ఆ మూడు వారాలూ ఆయనకు ఏమీ తెలియదని ఆఫీసులో అందరితో చెప్పుకు తిరిగాను. 'ఆడలేక మద్దెల ఓడు' అని చిన్నప్పుడు బళ్లో కాపీ పుస్తకం నిండా రాసినవాణ్ని. ఎందుకు రాశానో మరి.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లు అయి ఉంటుంది. పోడు భూములకు పట్టాలిస్తామని అడవి మండలాల్లో దరఖాస్తులు తీసుకుంటున్న రోజులు. ఒక ప్రాజెక్టు వాళ్లు ఖమ్మం జిల్లా అంతటా చిన్న చిన్న కేంద్రాలు పెట్టారు. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఇంటర్నెట్టుకు పైన ఒక డిష్, ఒక ఆపరేటరు. ఎవరైనా దరఖాస్తు తెస్తే ఆపరేటరు ఆ వివరాలు కొట్టి పంపుతాడు. అది ఖమ్మంలో ఉన్న సర్వరుకు చేరుతుంది. సర్వరు ఒక నంబరు ఇస్తుంది. ప్రింటరులో ఆ నంబరుతో రసీదు వస్తుంది. నంబరు పడితేనే పేరు జాబితాకు ఎక్కినట్టు, జాబితాలో ఉన్న పొలానికే సర్వే వాళ్లు వస్తారు. కాబట్టి ఆ ఊళ్లలో జనానికి కావలసింది మా కంప్యూటర్లూ కాదు, మేమూ కాదు. ఆ నంబరు.

కేంద్రాలనూ ఖమ్మాన్నీ కలపడం నా పని. దాన్ని వీపీఎన్ అంటారు. నలుగురూ నడిచే ఇంటర్నెట్టు దారిలోనే మనకు మాత్రం వేరేగా, పైనుంచి ఎవరికీ కనిపించకుండా ఒక సొరంగం వేసుకోవడం లాంటిది. మేము దాన్ని టన్నెల్ అనేవాళ్లం. రెండు చివర్లా రౌటర్లనే రెండు పెట్టెలుంటాయి. రెండింటికీ ఒకే తాళపుమాట ఇచ్చి, ఎవరి నంబర్లు వాళ్లకు రాసిపెడితే సొరంగం తెరుచుకుంటుంది.

మాది కల్లూరు. తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలం కొన్నవాళ్లం. మా ఇంట్లో చర్ల పేరెత్తితే "అడవిలోకా" అనేవాళ్లు. అక్కడ పోలీసు క్యాంపులు, లేని రోడ్లు, అటునుంచీ ఇటునుంచీ అడిగే ప్రశ్నలు. ఆ భయం నాకూ ఉంది. మా ఆఫీసులో అందరికీ ఉంది. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. అడవి మండలాల పెట్టెలను ఇక్కడే సిద్ధం చేసి, అట్టపెట్టెలో గడ్డి కూరి, పైన ఆపరేటరు పేరు రాసి, భద్రాచలం వైపు వెళ్లే బస్సు డ్రైవరుకు అప్పజెప్పడం. అక్కడ ఆపరేటరు వచ్చి తీసుకుని, మేము ఫోనులో చెప్పినట్టు వైర్లు పెట్టుకుంటాడు. మనిషి పోనక్కర్లేదు. దీన్ని మేము తెలివి అనుకునేవాళ్లం.

కల్లూరు కేంద్రం పెట్టడానికి మాత్రం నేనే వెళ్లాను, సొంతూరు కదా. పొద్దున్నే పని అయిపోయింది. చర్ల పెట్టె కూడా సంచిలోనే ఉంది. మా ఇంటి వరండాలో మంచం మీద కూర్చుని దాన్ని విప్పాను. కల్లూరు సెట్టింగులు మొత్తం కాపీ చేసి, అందులో ఊరి పేరు మార్చి, తాళపుమాట మార్చి, మిగతావి మారుస్తూ ఉంటే లోపల కోడికూర దించారు. అమ్మ రెండోసారి పిలిచేసరికి పెట్టె మూసేశాను. ఖమ్మం వెళ్లాక అక్కడి పెద్ద పెట్టెలో కూడా అదే కాపీ అతికించి, చర్ల పెట్టెను బస్సెక్కించాను. తిరిగి సరిచూసుకోలేదు. కల్లూరు బాగా పనిచేస్తోంది కాబట్టి చర్ల కూడా పనిచేస్తుందనుకున్నాను.

చర్ల అన్నానే గానీ ఆ కేంద్రం చర్లకు ఇంకా అవతల, అడవిలోకి పోయే దారిలో ఒక ఊళ్లో ఉంది. ఆపరేటరు అక్కడికి దగ్గర్లోని గూడెం మనిషి. భద్రాచలంలో చదువుకుని, కంప్యూటరు కోర్సు చేసి, ఆ గూడెం నుంచి నెల జీతానికి వచ్చిన మొదటివాడు. వచ్చిన జనంతో కోయ భాషలో మాట్లాడి, అదే ఊపిరిలో మాతో తెలుగులో మాట్లాడేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆయన నన్ను "మీరు" అన్నాడు, నేను ఆయన్ను "నువ్వు" అన్నాను. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు. ఇప్పుడు ఈ కాగితం మీద "ఆయన" అని రాస్తుంటే ఎంత ఆలస్యంగా నేర్చుకున్నానో తెలుస్తోంది.

"ఏం పోతున్నాయి, ఏం రావట్లేదు? సరిగ్గా చెప్పు," అన్నాను ఆ మొదటి రోజు.

"నేను కొట్టింది పోతుంది సార్. ఖమ్మం కెల్లి నంబరు వస్తలేదు. పెట్టె పేజీ తెరిచి చూసిన. పంపినవి అన్న దగ్గర లెక్క పెరుగుతనే ఉంది. వచ్చినవి అన్న దగ్గర సున్న."

"ఆ పేజీ నిన్నెవరు తెరవమన్నారు?"

"ఎవ్వరు అనలే సార్. సమజ్ అయితదేమో అని చూసిన."

"చూడొద్దు. ఏదైనా తిప్పావంటే మొత్తం పోతుంది."

"నేనేం తిప్పలే సార్."

నా ముందు ఖమ్మం పెద్ద పెట్టె తెర ఉంది. చర్ల టన్నెల్ పక్కన పచ్చ చుక్క. అక్కడినుంచి వస్తున్నవాటి లెక్క పెరుగుతోంది. "ఇక్కడంతా బాగుంది, లోపం నీ దగ్గరే," అన్నాను. నిజానికి అదే తెర మీద, ఆ లెక్క కిందనే రెండో లెక్క ఉంది. మేము చర్లకు పంపినవి ఎన్నో చెప్పే లెక్క. అది సున్నా. నేను చూడలేదని చెప్పుకోవచ్చు గానీ, చూశాను. ఆపరేటరు ఏదో తప్పుగా కొడుతున్నాడు, అందుకే సర్వరు జవాబివ్వడం లేదు అనుకుని ఊరుకున్నాను. కల్లూరు నుంచి ఎవరైనా ఇదే మాట చెప్పి ఉంటే ఆ సున్నా దగ్గర ఆగేవాణ్ని. అది నాకు ఖాయంగా తెలుసు.

అక్కడినుంచి ఆయనను ఆడించాను. పెట్టె ఆపి వేయమన్నాను. కంప్యూటరు ఆపి వేయమన్నాను. వైరు మార్చమన్నాను. కొత్త వైరు కోసం భద్రాచలం వెళ్లమంటే వెళ్లాడు, ఆ రోజంతా బస్సుల్లోనే గడిచింది. సాఫ్ట్‌వేరు తీసి మళ్లీ ఎక్కించమంటే ఎక్కించాడు. అన్నీ చేసి సాయంత్రం ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క లాండ్‌లైను నుంచి ఫోను చేసేవాడు. "పోతున్నయ్ సార్. వస్తలేవు." ఒక రోజు ఫోను ఎత్తే ముందే పక్క టేబులు వాళ్ల కోసం అదే మాట ఆయన గొంతుతో చెప్పి నవ్వించాను. అందరూ నవ్వారు.

దరఖాస్తులు మాత్రం ఆగలేదు. చుట్టుపక్కల గూడేల వాళ్లు నడిచి వచ్చి కాగితాలు ఇచ్చి కూర్చునేవాళ్లు. ఎన్నోసార్లు వేలిముద్రలు వేసి ఉత్త చేతులతో వెనక్కి వెళ్లిన జనం. కాగితం ఇస్తే చేతికి కాగితం రావాలి, లేకపోతే ఇవ్వరు. ఆయన నాకు ఫోను చేశాడు.

"సార్, రసీదు లేకపోతే మా వోళ్లు దరఖాస్తులు వాపస్ తీస్కపోతమంటున్నరు. చేతితోని రాసియ్యొచ్చా?"

ఆ సమయంలో నా టేబులు మీద టీ ఉంది, వేరే మండలం గొడవ ఒకటి నడుస్తోంది. "ఏదో ఒకటి రాసివ్వు. లైను వచ్చాక ఎక్కిద్దువు గాని," అన్నాను. ఆయన తెల్లకాగితం నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద పేరు, ఊరు, పొలం గుర్తులు రాసి, 'దరఖాస్తు అందినది' అని కింద సంతకం చేసి ఇచ్చాడు. వాళ్లకు ఆ సంతకం చాలు. తమ గూడెం పిల్లగాడి సంతకం అది.

ఆ విడతకు ఆఖరి రోజు దగ్గరపడింది. చర్ల నుంచి ఒక్క పేరూ ఎక్కలేదని మా మేనేజరు చూసుకున్నాడు. "ఫోన్ల మీద ఎన్ని రోజులు బాగుజేస్తవయ్యా. నువ్వే పో," అన్నాడు. ఆఖరి రోజుకు ముందు రోజు బయల్దేరాను. భద్రాచలంలో పడుకుని, తెల్లవారి మొదటి బస్సులో చర్ల, అక్కడినుంచి జీపు. దారిలో రెండు చోట్ల పోలీసులకు సంచి విప్పి చూపించాల్సి వచ్చింది. వైర్లు చూసి ఒకతను ఏంది ఇవి అన్నాడు, చెప్పాను, పొమ్మన్నాడు. అంతే. నేను ఏళ్ల తరబడి భయపడింది అంతమాత్రానికి.

కేంద్రం పెంకుటిల్లు. లోపల నేల ఊడ్చి చల్లగా ఉంది. దరఖాస్తులన్నీ ఊరివారీగా కట్టలు కట్టి, తడవకుండా ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి ఉన్నాయి. వచ్చిన తేదీ ఒక నోటుబుక్కులో రాసి ఉంది. నేను పెట్టిన తిప్పలన్నీ కూడా అందులోనే రాసుకున్నాడు, ఏ రోజు ఏ వైరు మార్చాడో, నేనేమన్నానో. నేను వస్తున్నానని ఇంటి నుంచి అన్నం, చేపల పులుసు తెప్పించి పెట్టాడు. "ముందు తినండి సార్, పొద్దటి కెల్లి ఏం తినకుంట వచ్చి ఉంటరు," అన్నాడు. తిన్నాను. పులుసు చాలా బాగుంది. అది కూడా చెప్పాలి.

తిన్నాక ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఖమ్మంలో నాతో పనిచేసే అమ్మాయికి ఫోను కలిపాను. కేంద్రానికి లాండ్‌లైను వైరు లాక్కోవడం ఆయనే చేసిపెట్టాడు, నాకోసం. ఆమెను పెద్ద పెట్టె ముందు కూర్చోబెట్టి, ఇక్కడినుంచి వరసగా పింగ్ అనే చిన్న పలకరింపులు పంపుతూ, అక్కడ ఒక్కోటి ఎటు పోతోందో చూడమన్నాను. మొదటి రోజే చేయవలసిన పని. ఐదు నిమిషాల పని.

"వస్తున్నయ్," అంది ఆమె. "సర్వరుకు చేరుతున్నయ్. సర్వరు జవాబిస్తుంది కూడా."

"ఇస్తే ఇక్కడికి రావాలి కదా."

"అక్కడికి పోతలేవు. కల్లూరుకు పోతున్నయ్."

"కల్లూరుకా?" అన్నాను. నమ్మలేక ఇంకోసారి కూడా అన్నాను.

ప్రతి కేంద్రానికీ లోపల ఒక నంబర్ల వరుస ఉంటుంది, ఇంటి నంబరు లాగా. కల్లూరు వరుసనే చర్లకూ ఉంచేశాను. కాపీలో అన్నీ మార్చి అదొక్కటి మార్చలేదు. చర్ల నుంచి వెళ్లిన ఉత్తరాల మీద కల్లూరు ఇంటి నంబరు ఉంది. జవాబు రాసిన సర్వరు ఆ నంబరు చూసి, ముందునుంచీ తెలిసిన ఇంటికే పంపింది. కల్లూరు పెట్టె అవి తనవి కావని పారేసింది. మూడు వారాలుగా ఆ గూడేల దరఖాస్తుల కోసం సర్వరు పలుకుతూనే ఉంది. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఆ పలుకులు నేలపాలవుతున్నాయి.

నాకు తేలు కుట్టిన దొంగ సామెత అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయన నా భుజం పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏమైంది సార్?" అని అడిగాడు. "లైన్లో చిన్న లోపం. దొరికింది," అన్నాను. ఆమెకు ఫోనులో పొడి పొడిగా చెప్పి అక్కడ ఒక అంకె మార్పించి, ఇక్కడ నేనొక అంకె మార్చాను. పావుగంట పట్టింది. ఆయన ట్రంకుపెట్టె నుంచి పైన ఉన్న కట్ట తీసి మొదటి దరఖాస్తు కొట్టాడు. ప్రింటరు కదిలింది. నంబరు పడిన కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశాడు. "వచ్చింది సార్," అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషి ముందు తప్పు నాదని ఎలా చెప్పాలో తెలియలేదు. తెలుసుకోవాలని గట్టిగా ప్రయత్నించిందీ లేదు.

అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. సాయంత్రం ఆరింటికి సర్వరు ఆ విడత దరఖాస్తులు తీసుకోవడం ఆపేస్తుంది. నేను పేర్లు చదువుతుంటే ఆయన కొడుతున్నాడు. కట్టలు చూసి, "మీ గూడెంవి ముందు ఎక్కించుకో," అన్నాను.

"వద్దు సార్. మావోళ్లవి ఆఖరుకు పెడదాం. కుర్సీల కూసున్నోడు తనోళ్లవి ముందుగల కొట్టుకున్నడు అనొద్దు గద."

నేను బలవంతం చేయలేదు. మధ్యలో గంట సేపు కరెంటు పోయింది. ఆరు గంటలకు తెర మీద గడువు ముగిసిందని వచ్చేసరికి పక్క ఊళ్ల కట్టలన్నీ అయ్యాయి. ఆయన గూడెం కట్ట విప్పనే లేదు. ఆయన దాన్ని మళ్లీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాడు. "రెండో విడతల ఎక్కిద్దాం తియ్యుండ్రి సార్," అన్నది కూడా ఆయనే, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

అప్పుడు నేను మేనేజరుకు ఒక్క ఫోను చేసి, తప్పు నాది, ఈ కేంద్రానికి రెండు రోజులు గడువు పెంచమనండి అని అడిగి ఉంటే పెంచేవాళ్లు. అంతకు ముందు వేరేచోట కరెంటు లేదంటే పెంచారు. ఫోను నా ముందే ఉంది. "లైను సెట్ అయింది సార్," అని మాత్రం చెప్పి పెట్టేశాను. నన్ను పర్మనెంటు చేసే మాట నడుస్తున్న రోజులు. అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, మూడు వారాలు ఎవరి గొంతును వెక్కిరించానో ఆ మనిషి ముందు ఆ మాట అనవలసి రావడం.

సర్వే వాళ్లు వచ్చారు. పక్క ఊళ్ల పొలాలు కొలిచారు. ఆయన గూడెం పేరు జాబితాలో లేదని వెళ్లిపోయారు. గూడెం వాళ్లు ఆయన సంతకం ఉన్న కాగితం ముక్కలు పట్టుకుని భద్రాచలం వచ్చి అడిగారు. మా పిల్లగాడే తీసుకున్నడు, సంతకం పెట్టిండు, మరి మా పేర్లేవి అని. ప్రాజెక్టు వాళ్లు విచారణ పెట్టారు. నన్నూ పిలిచారు.

భద్రాచలంలో ఒక కిరాయి భవనంలో పై అంతస్తు. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఆ నోటుబుక్కు. నేను లోపలికి వెళ్తుంటే లేచి నమస్తే పెట్టాడు. లోపల ముగ్గురున్నారు. వాళ్లు నన్ను అడిగింది తక్కువే.

ఆ మూడు వారాలూ టన్నెల్ ఉందా లేదా అన్నారు. ఉంది అన్నాను. అది నిజం. లోపం ఎక్కడ దొరికింది అన్నారు. అక్కడి పెట్టె సెట్టింగులో అన్నాను. అది సగం నిజం. ఆపరేటరు పెట్టె సెట్టింగుల పేజీ తెరిచేవాడా అన్నారు. తెరిచేవాడు అన్నాను. అదీ నిజమే. చేతిరాత రసీదులు ఇమ్మని ఎవరైనా చెప్పారా అని అడిగినప్పుడు మాత్రం నాకు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవాలనిపించింది. "నాకు గుర్తు లేదు," అన్నాను. ఇది పచ్చి అబద్ధం. అప్పటికీ గుర్తుంది, ఇప్పటికీ గుర్తుంది. టీ చల్లారిందని కూడా గుర్తుంది.

బయటికి వచ్చి నేరుగా మెట్లు దిగాను. ఆయన వైపు చూడలేదు. ఆ వారంలోనే ఆయన్ను తీసేశారు. సెట్టింగులు మార్చి లైను పాడుచేసినందుకు, దరఖాస్తులు ఎక్కించకుండానే రసీదులు ఇచ్చినందుకు. నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

రెండేళ్లు గడిచాయి. ఏదో పని మీద భద్రాచలం వెళ్లి, కాగితాలు జిరాక్సు తీయించడానికి బస్టాండు దగ్గర ఒక దుకాణంలోకి వెళితే మిషను దగ్గర ఆయన ఉన్నాడు. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూసి, "బాగున్నరా సార్," అని స్టూలు జరిపాడు. టీ చెప్పాడు. నేను ఎంత మొద్దువాణ్నంటే, ఆ మర్యాద చూసి ఆయనకేమీ తెలియదని లోపల ఊపిరి పీల్చుకున్నాను.

గూడెం సంగతి అడిగాను. రెండో విడతలో కొందరికి వచ్చాయి, కొందరి పొలం అప్పటికే వేరే లెక్కల్లోకి పోయింది అన్నాడు. భార్యాపిల్లలతో ఇక్కడే ఉంటున్నాడట. గూడేనికి పోతే ముసలివాళ్లు మొహం తిప్పుకుంటారు, సొంత చిన్నాయనే మాట్లాడడు అన్నాడు. మిషను మీద కాగితాలు సర్దుతూనే చెప్పాడు ఇదంతా. తర్వాత అదే గొంతుతో అన్నాడు.

"ఆ రోజు ఫోన్ల మీరు కల్లూరుకా అన్నరు సార్. రెండుసార్లు అన్నరు. నాకు అప్పుడే సమజ్ అయింది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"తెలిసి విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తరని చూసిన సార్. మీరు చెప్తే ఒకతీరు, నేను చెప్తే ఒకతీరు. నేను చెప్తే తప్పు మీద పడ్డోడు ఇంకొకని మీదికి తోస్తున్నడంటరు. మీరు బయటికొచ్చి నా దిక్కు చూడకుంట పోయిండ్రు. అప్పుడు ఇగ చెప్పరని తెలిసింది."

క్షమించమని అడిగాను. అది నిజంగా అడిగాను. ఆయన మిషను మీద ఇంకో కాగితం పెట్టాడు. ఉద్యోగం మళ్లీ వచ్చేలా ఎవరితోనైనా మాట్లాడతానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నౌకరి వద్దు సార్. ఒక్కసారి మా గూడెం వచ్చి చెప్పండి. నేను పంపిన అని, అది నా తప్పు కాదు అని. మీ నోటితోని అంటే చాలు. మా చిన్నాయన ఇనాలె."

వస్తాను అన్నాను. ఫలానా ఆదివారం అని రోజు కూడా నేనే చెప్పాను. ఆయన మొహం అప్పుడు, నంబరు పడిన కాగితాన్ని వెలుతురులో చూసుకున్న రోజులా అయింది. తాను ముందు రోజే వెళ్లి పెద్దవాళ్లను కూర్చోబెడతానన్నాడు.

ఆ ఆదివారం బయల్దేరాను. వానాకాలం. చర్ల దాటి జీపు కొంతదూరం వెళ్లాక వాగు దగ్గర ఆగింది. ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. ఒడ్డున టీ కొట్టు ఆయన నన్ను చూసి, "మోకాళ్ల లోతే సార్, పొద్దటి కెల్లి జీపులు పోతనే ఉన్నయ్," అన్నాడు. నా కళ్ల ముందే ఒక జీపు దాటింది. ఒకావిడ తల మీద మూటతో నడిచి దాటింది. నేను చాలాసేపు ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డాను. ముసలివాళ్ల ముందు కూర్చుని ఏ మాటతో మొదలుపెట్టాలో అనుకుంటూ ఉన్నాను. ఒక్క మాటా కుదరలేదు. వాగు పొంగింది, దాటడం కష్టం అని జీపు అతనికి చెప్పి వెనక్కి తిప్పించాను. అతను నా వైపు అదోలా చూశాడు గానీ తిప్పాడు. భద్రాచలం వంతెన దాటాక నిజంగానే ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయిని తలచుకుంటే నాకు ఇప్పుడు అసహ్యం.

నాలుగు రోజులాగి జిరాక్సు దుకాణానికి ఫోను చేశాను. ఆయనే ఎత్తాడు. గూడెంలో అందరినీ పిలిచి చింతచెట్టు కింద కూర్చోబెట్టాడట. ఖమ్మం సారు వస్తాడు, తన నోటితో చెబుతాడు అని చెప్పాడట. సాయంత్రం దాకా కూర్చున్నారట. చిన్నాయన కూడా వచ్చి కూర్చున్నాడట. చీకటి పడ్డాక ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోయారట, ఆయనతో ఒక్క మాటా అనకుండా.

నేను వాగు సంగతి ఎత్తబోయాను. ఆయన మధ్యలోనే, ఎప్పటి మెత్తని గొంతుతోనే అన్నాడు.

"మీరు రాకున్నా నడుస్తుండె సార్. వస్తనని చెప్పకుంటె అయిపోతుండె. ఇప్పుడు వాళ్ల కాడ నేను రెండుసార్లు అబద్ధమైన."

ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చాయో, ఆ వాగు అడుగు కనిపించేలా ఎన్నిసార్లు ఎండిందో లెక్కలేదు. నేను వెళ్లలేదు.